చలి వేరు, మంచు వేరు

జనవరి మాసం వచ్చినదంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం వైపు జనం బారులు తీరుతారు. నుమాయిష్ అని నగరవాసులు ముద్దుగా పిలుచుకొనే ఆ అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన 1938లో అక్కడికి చేరువనే ఉన్న పబ్లిక్ గార్డెన్స్‌లో, అనగా నాటి బాగేఆంలో, ఉస్మానియా పట్టభద్రుల పూనికతో మొలకెత్తినది. 1946లో ఇప్పటి మైదానానికి తరలివచ్చినది. దాని రాబడితో నడిచే విద్యాసంస్థలు అనేకం. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం ఆ మైదానంలోనే ఉన్నది. జనవరి 1వ తేదీన మొదలై ఫిబ్రవరి నడిమి దాకా సాగడం దాని ఆనవాయితీ.

ఆ ప్రదర్శనకు ఏటా దూరాభారాన్ని లెక్కచేయక వచ్చేవారిలో కాశ్మీర వర్తకులు ముఖ్యులు. శాలువలు, ఫిరన్లు, తివాచీలు, అక్రోటు చెక్కతో చెక్కిన పెట్టెలు, కాగితపు గుజ్జుతో చేసి రంగులు పూసిన డబ్బాలు, బాదం, అక్రోటు, కుంకుమపువ్వు వారి అంగళ్ళలో కొలువు తీరుతాయి. చలికాలంలో తమ లోయలో వ్యాపారం మందగిస్తుంది. ఇక్కడ ఎండ వెచ్చగా ఉంటుంది, కొనేవారూ ఉంటారు. కనుక వారి రాక వారికీ లాభం, నగరానికీ వేడుక.

శాలువ బేరం చేసే తల్లి పక్కన నిలబడిన బడిపిల్లవాడికి మాత్రం శాలువ మీద దృష్టి ఉండదు. అతనికి కావలసినది మంచు. “మీ దేశంలో మంచు అన్నిటికన్నా ఎక్కువ పడే ఊరు ఏది భాయ్?” అన్నది అతని ప్రశ్న. దీనికి సమాధానాలు రెండు విధాలుగా వినవస్తాయి. గుల్మర్గ్ అని కొందరంటారు. ద్రాస్ అని, లేహ్ అని మరికొందరంటారు. మొదటి సమాధానం మంచును గురించి చెప్పినది. రెండవదానిలో చాలావరకు చలిని గురించిన మాటే ఉన్నది. చలి ఎక్కువైతే మంచూ ఎక్కువే కావాలి గదా అన్నది లోకుల ఊహ. ఈ ఊహ పాఠశాలల్లోనూ చొరబడి, పరీక్ష కాగితాల దాకా వస్తున్నది.

తెలుగువారి విషయంలో ఈ చిక్కు భాషతోనే మొదలవుతుంది. తెల్లవారుజామున గడ్డిపరకపై నిలిచిన చుక్క మంచు. హుస్సేన్‌సాగర్ మీద పొగవలె తెర కట్టేదీ మంచే. హిమాలయాల మీద దూదిపింజల వలె రాలేదీ మంచే. పండ్లరసం బండి మీద గోనెపట్టాలో చుట్టిన పలక మంచుగడ్డ. సంస్కృతం నుంచి హిమం, తుషారం, నీహారం, తుహినం, ప్రాలేయం అని మాటలు తెచ్చుకొన్నప్పటికిని, కవులు వాటిని ఛందస్సుకు ఏది ఒదిగితే దానిని వాడుకొన్నారే గాని వస్తుభేదాన్ని అంతగా పాటించలేదు. వారిని తప్పుపట్టడానికి లేదు. ఎన్నడూ చూడని వస్తువుకు వేరొక పేరు పెట్టవలసిన అక్కర ఎవరికి కలుగుతుంది? కాశ్మీరీలకు ఆ అక్కర కలిగినది. ఆకాశం నుంచి కురిసే మంచును వారు ‘శీన్’ అంటారు. ఆ ఏటి తొలి మంచు రాలిన నాడు ఒకరికొకరు ‘నవ్ శీన్ ముబారక్’ అని శుభం పలుకుకొంటారు. పొగమంచు పట్టిన నాడు ఎవరికీ ఎవరూ శుభాకాంక్షలు చెప్పరు.

హైదరాబాదు ఆకాశం నుంచి మంచుగడ్డ పడదా అంటే, పడుతుంది. దాని పేరు వడగళ్ళు. అయితే అది పడే కాలాన్ని గమనించాలి. చలి ముదిరిన జనవరిలో కాదు, ఎండ ముదిరే మార్చి, ఏప్రిల్, మే మాసాలలో! 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో రాలిన వడగళ్ళకు రోడ్లు, పొలాలు తెల్లని పరుపు పరచినట్లు మారిపోయినాయి. కాశ్మీరమే కదలివచ్చినదని చూసినవారు సంబరపడ్డారు. పంట పోయిన రైతుకు మాత్రం అందులో సంబరం ఏమున్నది? నేల వేడెక్కి, తేమగాలి నిట్టనిలువుగా కొన్ని కిలోమీటర్ల ఎత్తుకు ఎగసి, అక్కడి గడ్డకట్టే చలిలో నీటి బొట్టు గడ్డగా మారి, పొరపై పొర పేరుకొని బరువెక్కి పడేది వడగల్లు. మంచు అట్లా కాదు. మేఘంలోని ఆవిరి నీరుగా మారకుండానే సూక్ష్మమైన స్ఫటికాలుగా ఏర్పడి, అవి ఒకదానికొకటి అల్లుకొని, నేలదాకా కరగకుండా దిగివస్తే అది మంచు. ఒకటి వేసవి బిడ్డ, మరొకటి శీతకాలపు బిడ్డ.

హైదరాబాదులో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీ నాటి 6.1 డిగ్రీల సెంటీగ్రేడు. తెలుగునాట చలికి పేరు మోసిన లంబసింగిలో, అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి కొండల మీద దాదాపు 1,000 మీటర్ల ఎత్తున, కొన్ని రాత్రులు పాదరసం సున్నా సమీపానికి దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే మరో పేరున్నది. రాత్రి బయట ఉన్నవాడు తెల్లవారేసరికి కొర్రు వలె బిగుసుకుపోతాడని దానికి చెప్పుకొనే అర్థం. అంత చలిలోనూ అక్కడ ఆకాశం నుంచి మంచు కురియదు. పత్రికలలో ‘ఆంధ్ర కాశ్మీరం’ అన్న శీర్షిక కింద కనిపించేదంతా పొగమంచు, ఆకుల మీద పేరుకొన్న నూగు. కారణం సులభం. లంబసింగిలో చలి వచ్చే రాత్రులలో ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మేఘం లేనందువల్లనే నేలలోని వేడి పైకి పోయి అంత చలి కలుగుతున్నది. మేఘం వచ్చిందా, చలి తగ్గుతుంది. చలికీ మేఘానికీ అక్కడ పొత్తు కుదరదు.

ఈ పొత్తు ఎక్కడ కుదురుతుందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. అబిడ్స్‌లో ఆదివారం నాడు మూసిన దుకాణాల ముందు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలలో భూగోళ పటాల పుస్తకం ఒకటి దొరికితే చాలు. (ఆరవ నిజాం కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే అర్మీనియా దేశీయుడు పెట్టిన దుకాణం వల్ల ఆ వీధికి పేరు వచ్చినది. దుకాణం పోయినా పేరు నిలిచినది.) ఆ పుస్తకంలో జనవరి మాసపు ఉష్ణోగ్రతలు చూపే పటం ఒకటి, శీతకాలపు వర్షపాతం చూపే పటం మరొకటి ఉంటాయి. విద్యార్థి పల్చని కాగితం మీద మొదటి పటంలో సున్నాకు దిగువ ఉన్న ప్రదేశాలను గీసుకొని, ఆ కాగితాన్ని రెండవ పటం మీద మోపి చూడాలి. చలీ తడీ ఒకే చోట కలిసిన సన్నని పట్టీ ఒకటి పైకి తేలుతుంది. మంచు కురిసే దేశం అదే. చలి పటమంతా మంచు పటం కాదని, వాన పటమంతా మంచు పటం కాదని పిల్లలకు చెప్పడానికి ఇంతకన్న మంచి సాధనం లేదు. ఖర్చూ లేదు.

చలి మరీ ఎక్కువైతే మంచు ఎందుకు తగ్గాలి? గాలి ఎంత వెచ్చనైతే అంత ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరిని భరిస్తుంది. 0 డిగ్రీల వద్ద 5 గ్రాములకు మించదు. మైనస్ 20 డిగ్రీల వద్ద దాదాపు 1 గ్రాము మాత్రమే. అనగా చలి ముదిరిన కొద్దీ గాలి చేతిలోని చెంబు చిన్నదవుతున్నది. చిన్న చెంబుతో ఎంత ఒంపినా నేల తడిసేది అంతంత మాత్రమే. దక్షిణ ధ్రువం చుట్టూ ఉన్న మంచు మైదానాన్ని శాస్త్రజ్ఞులు ఎడారిగా లెక్కించడం ఇందుకే. అక్కడ మంచు కొద్దికొద్దిగా పడి, ఎన్నడూ కరగక, యుగాల తరబడి పేరుకొన్నది. దండిగా మంచు పడవలెనంటే ఉష్ణోగ్రత సున్నాకు కొద్దిగా దిగువన ఉండాలి, సముద్రం మీది తేమ అందాలి, ఆ తేమగాలిని పైకి నెట్టడానికి ఎదురుగా కొండ ఒకటి నిలవాలి.

హిమాలయాలకు శీతకాలంలో ఆ తేమ బంగాళాఖాతం నుంచి రాదు. నైరుతి ఋతుపవనం అప్పటికి ఎన్నడో వెనుదిరిగి ఉంటుంది. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టిన అల్పపీడనాలు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దేశాల మీదుగా, ఎత్తున వీచే పడమటి గాలుల రథమెక్కి తూర్పుకు వస్తాయి. వాతావరణ శాస్త్రంలో వీటికి పశ్చిమ విక్షోభాలు అని పేరు. శీతకాలంలో నెలకు నాలుగైదు వస్తుంటాయి. అన్నీ బలమైనవి కావు. బలమైనది ఒకటి వచ్చి పీర్ పంజాల్ పర్వతశ్రేణికి తాకినప్పుడు రెండు మూడు రోజులు ఎడతెగని మంచు కురుస్తుంది.

ఇప్పుడు ఊళ్ళ సంగతి. రాష్ట్రమన్న మాట వాడుకలో ఉన్నది గాని, జమ్మూ కాశ్మీరం 2019 అక్టోబరు 31 నుంచి జమ్మూ కాశ్మీర్, లడఖ్ అనే రెండు కేంద్రపాలిత ప్రాంతాలుగా ఉన్నది. చలి రాష్ట్రమని పిలవదగినది పక్కనున్న హిమాచల్ ప్రదేశ్. మంచుకు ఈ సరిహద్దులతో నిమిత్తం లేదు కనుక మూడింటినీ కలిపి చూడడమే సబబు.

ముందుగా శ్రీనగర్. దాని ఎత్తు సుమారు 1,585 మీటర్లు. ఏడాది మొత్తం మీద అక్కడ పడే వాన, మంచు కరగించి కలిపి కొలిస్తే సుమారు 700 మిల్లీమీటర్లు. హైదరాబాదు వార్షిక వర్షపాతం సుమారు 800 మిల్లీమీటర్లు. రెండు నగరాలకూ ప్రకృతి ఇచ్చే నీరు ఇంచుమించు ఒకటే అన్నమాట! హైదరాబాదుకు ఆ నీటిలో అధికభాగం జూన్ నుంచి అక్టోబరు లోపల, వెచ్చని కాలంలో ముట్టుతుంది. శ్రీనగరుకు శీతకాలంలోనూ, వసంతంలోనూ ముట్టుతుంది. ఇచ్చిన సొమ్ము సమానమే, ఇచ్చిన వేళ వేరు. నాంపల్లికి మంచు లేకపోవడానికి ఆ వేళ తేడా కూడా ఒక కారణం.

అయినను శ్రీనగరు మంచులో అగ్రస్థానానికి రాదు. పీర్ పంజాల్ పాదం చెంతనే ఉన్న కాజీగుండ్, ఆవలి పక్కనున్న బనిహాల్ దానికన్న ముందుంటాయి. కాజీగుండ్‌కు అందే వార్షిక జలం శ్రీనగరుకు అందేదానికన్న దాదాపు ఒకటిన్నర రెట్లు. కొండకు దగ్గరగా కూర్చున్నవాడి విస్తరిలో మొదట వడ్డన జరుగుతుంది. శ్రీనగరు పంక్తి చివర కూర్చున్నది.

గుల్మర్గ్ కూర్చున్నది వంటశాలలోనే! పీర్ పంజాల్ వాలు మీద 2,650 మీటర్ల ఎత్తున గిన్నె వలె పల్లంగా ఉన్న పచ్చికబయలు అది. శ్రీనగరుకన్న 1,000 మీటర్లకు పైగా ఎత్తు. వేయి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. కనుక శ్రీనగరులో చినుకులు పడుతున్న వేళ గుల్మర్గ్‌లో మంచు కురుస్తూ ఉంటుంది. ఒక్క శీతకాలంలో అక్కడ పడే మంచును మీటర్లలోనే లెక్కించాలి. సెంటీమీటర్లు చాలవు. అక్కడి తీగమార్గం యాత్రికులను అఫర్వత్ శిఖరం చెంతకు, సుమారు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. మంచుమీది ఆటలకు దేశంలో ముఖ్యస్థానం అయినది దాని అందం వల్ల మాత్రమే కాదు, ఈ వడ్డన వల్ల.

శ్రీనగరు నుంచి లేహ్‌కు పోయే బాట భూగోళ పాఠానికి కట్టిన బొమ్మల వరుస వలె ఉంటుంది. మొదట సోనామర్గ్. దట్టమైన మంచు కురిసే చోటు. శీతకాలంలో ఏటా దారి మూతబడేది. 2025 జనవరి 13న ప్రారంభమైన సొరంగం దానిని లోకంతో కలిపినది. ఆపైన సుమారు 3,528 మీటర్ల ఎత్తున జోజి లా కనుమ. తేమగాలి పర్వతాల నడుమ ఆ సందు గుండా దూరి ఆవలనున్న ద్రాస్‌ను తాకుతుంది. మనుషులు నివసించే చోట్లలో ప్రపంచంలోనే రెండవ అత్యంత శీతల స్థలమని ద్రాస్‌కు ప్రసిద్ధి. ఆ ప్రసిద్ధి మాట అటుంచి, చలి, మంచు రెండూ మిక్కుటంగా ఉన్న ఊరుగా దానిని ఒప్పుకోవచ్చు. అందుకు కారణం దాని చలి కాదు, దాని తలవాకిట ఉన్న కనుమ. ద్రాస్ దాటి కార్గిల్‌కు పోయేసరికి మంచు పల్చబడుతుంది. లేహ్ చేరేసరికి నామమాత్రం. 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో శీతకాలపు రాత్రులు గుల్మర్గ్ రాత్రులకు ఏమాత్రం తీసిపోవు. అయినను వాన, మంచు కలిసి ఏడాది మొత్తానికి అక్కడ పడేది సుమారు 100 మిల్లీమీటర్లు. 2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజున 240 మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడినది. లేహ్‌కు రెండేళ్ళకు సరిపడే నీరు ఇక్కడ ఒక్క పూట వరద!

హిమాచల్ ప్రదేశ్‌లో ఈ పాఠం మరోవైపు నుంచి కనబడుతుంది. కాంగ్రా లోయ అంచున ఉన్న ధర్మశాలకు దేశంలోని మిక్కిలి వాన పడే పట్టణాలలో స్థానమున్నది. ఏటా దాదాపు 3,000 మిల్లీమీటర్లు. కాని దాని ఎత్తు 1,450 మీటర్లే. నీరున్నది, చలి చాలదు. అందువల్ల అక్కడ మంచు అరుదు. సిమ్లా దాదాపు 2,200 మీటర్ల మీద ఉన్నది. మంచు పడుతుంది గాని నమ్మకంగా పడదు. ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే అదే మేఘం వానగా దిగుతుంది. పక్కనే మరింత ఎత్తునున్న కుఫ్రీ దానికన్న అదృష్టం గలది. మనాలి నుంచి రోహ్తాంగ్ పోయే దారిలోని కోఠీ, కనుమకు ఆవల లాహుల్‌లోని కేలాంగ్, గోండ్లా గ్రామాలు మంచు వార్తలలో తరచుగా ముందువరుసలో నిలుస్తాయి. 2020 అక్టోబరులో అటల్ సొరంగం తెరుచుకొనే వరకు లాహుల్ జనం శీతకాలమంతా కనుమకు ఆవల బందీలే. ఇంకా లోపలికి పోతే స్పితి లోయ. కాజా పట్టణం 3,600 మీటర్లకు పైబడిన ఎత్తున ఉన్నది. లేహ్‌కు చెల్లెలు. చలికి కొదవ లేదు, తడికి కొదవ.

ఇన్ని చెప్పినా ‘మొదటి ఊరు ఇది’ అని ఒకే పేరు పలకడంలో ఇబ్బంది ఉన్నది. వానను కొలవడం తేలిక. కొలతపాత్రలో పడినది పడినట్లు నిలుస్తుంది. మంచు అట్లా నిలవదు. రాత్రి 30 సెంటీమీటర్లు పడినది సాయంత్రానికి తన బరువుకు తానే కుంగి 20 అవుతుంది. ఎండకు కరుగుతుంది, గాలికి ఎగిరి గోడల వద్ద పోగవుతుంది. ఒక పత్రిక ఆ రోజు కొత్తగా పడిన మంచును చెబుతుంది. మరొకటి నేలమీద నిలిచి ఉన్న మొత్తాన్ని చెబుతుంది. పాఠకుడు రెండింటినీ కలిపి పోల్చుతాడు. ఇక మంచులో దాగిన నీరు మూడవ లెక్క. సగటున 10 సెంటీమీటర్ల తాజా మంచు కరిగితే 1 సెంటీమీటరు నీరు వస్తుందని అంచనా. ముద్దగా పడే తడిమంచులో నీరు ఇంకా ఎక్కువ. పొడిపొడిగా రాలే లడఖ్ మంచులో తక్కువ. అదీగాక అన్నిటికన్న ఎక్కువ మంచు పడేది ఊళ్ళలో కాదు, మనిషి కాపురముండని వాలుల మీద. కాబట్టి జనావాసాలలో గుల్మర్గ్, సోనామర్గ్, ద్రాస్, కోఠీ వంటివి ముందువరుస అని చెప్పడం న్యాయం. వాటిలో వాటికి మార్కులు వేయడం సాహసం.

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ తేడా అనుభవంలో తెలుసు. అంటారియో సరస్సుకు ఆగ్నేయంగా ఉన్న సిరక్యూస్ నగరంలో ఒక శీతకాలానికి సగటున 3 మీటర్ల మంచు పడుతుంది. మినెసోటా రాష్ట్రపు కొసనున్న ఇంటర్నేషనల్ ఫాల్స్ దానికన్న ఎంతో చలి పట్టణం. అయినను అక్కడ మంచు 2 మీటర్లకు లోపే. సిరక్యూస్‌కు తేమనిచ్చే సరస్సు ఉన్నది, రెండవదానికి అటువంటి ఆసరా లేదు. జపాన్‌లోని అవోమొరి నగరంలో ఏటా 5 మీటర్లకు పైగా మంచు పడడానికి కారణమూ సైబీరియా చలిగాలి జపాను సముద్రాన్ని దాటి రావడమే.

కాశ్మీర అంగడిలోని సరుకునే ఇప్పుడు మరొకసారి పరికించితే, అందులో రెండు దేశాల సంపద ఉన్నదని తెలుస్తుంది. మేలైన పష్మీనా శాలువ కాశ్మీరంలో నేసినదే గాని, దాని నూలు కాశ్మీరానిది కాదు. లేహ్‌కు తూర్పున టిబెట్ సరిహద్దు దాకా వ్యాపించిన చాంగ్‌థాంగ్ పీఠభూమి మీద, 4,000 మీటర్లకు పైబడిన ఎత్తున, చాంగ్‌పా సంచారుల మేకలు చలికి తాళలేక ముతక వెంట్రుకల అడుగున పెంచుకొనే మెత్తని నూగు అది. అక్కడ చలి ఘోరం. మంచు మాత్రం స్వల్పం. స్వల్పం కాబట్టే మేకలకు శీతకాలంలోనూ ఎండుగడ్డి పరకలు దొరుకుతాయి. 2013లో అలవాటు లేని భారీ మంచు కురిసి గడ్డిని కప్పివేసినప్పుడు ఆ పీఠభూమి మీద వేలాది మేకలు, ముఖ్యంగా పిల్లలు, ఆకలితో చనిపోయినాయి. చలికి చావని ప్రాణి మంచుకు చచ్చినది. చలీ మంచూ ఒకటి కావని ఇంతకన్న కఠినంగా చెప్పే పాఠం వేరొకటి ఉండదు.

శాలువ పక్కనే బుట్టలో ఉన్న అక్రోటు కథ దీనికి తలకిందులు. అక్రోటు, బాదం, ఆపిలు కాశ్మీర లోయ పంటలు. వాటికి వేసవిలో నీరు కావాలి. ఋతుపవనం పీర్ పంజాల్‌ను దాటి లోయలోకి అరకొరగానే వస్తుంది. కనుక వేసవిలో జీలం నదిని, దాని ఉపనదులను, కొండ ఊటలను నడిపేది కొండమీద నిలవ ఉన్న శీతకాలపు మంచు. తెలంగాణ పల్లెలకు కాకతీయుల నాటి చెరువులు ఎటువంటివో, ఆ లోయకు ఆ తెల్లని కొండలు అటువంటివి. శాలువ చలి ఇచ్చిన వరం. అక్రోటు మంచు ఇచ్చిన వరం. ఒకే బల్ల మీద పక్కపక్కనే ఉన్నవి గనుక కొనేవారికి ఈ భేదం తోచదు.

కాశ్మీరీలు శీతకాలాన్ని మూడు భాగాలు చేసుకొన్నారు. డిసెంబరు 21 నుంచి నలభై రోజులు చిల్లై కలాన్, అనగా పెద్ద చలి. ఆ వెనుక ఇరవై రోజులు చిల్లై ఖుర్ద్, చిన్న చలి. చివర పది రోజులు చిల్లై బచ్చా, చలిపిల్ల. ఈ లెక్క చలి పేరుతో ఉన్నా, రైతు మనసులో అది మంచు లెక్క. పెద్ద చలిలో పడిన మంచు గట్టిగా పేరుకొని, పొరపై పొర నిలిచి, జూన్, జూలై దాకా కొద్దికొద్దిగా నీరు వదులుతుంది. అదే మంచు నవంబరులో పడితే ఉపకారం కాదు, అపకారం. 2018 నవంబరు తొలివారంలోనూ, 2019 నవంబరు తొలివారంలోనూ ముందుగా పడిన మంచుకు లోయలోని ఆపిలు తోటలు ధ్వంసమైనాయి. ఆకు ఇంకా రాలలేదు. ఆకు మీద మంచు నిలిచి బరువెక్కి, కొమ్మలు కాండంతో సహా చీలినాయి. పదిహేనేళ్ళు పెంచిన చెట్టును ఒక్క రాత్రి మంచు రెండుగా చీల్చితే, మరల కాపుకు ఎన్నేళ్ళు పడుతుందో రైతు కన్న ఎవరికి తెలుసు?

ఇటీవలి సంవత్సరాలలో భయం మరో దిక్కు నుంచి వచ్చినది. 2024 జనవరిలో గుల్మర్గ్ పచ్చికబయలు పసుపు గడ్డితో బోసిగా కనిపించినది. చిల్లై కలాన్ నలభై రోజులు దాదాపు పూర్తి కావస్తున్నా మంచు జాడ లేదు. నెల చివర గాని అది కరుణించలేదు. 2025లో ఫిబ్రవరి నెలలో అక్కడ జరగవలసిన ఖేలో ఇండియా శీతకాలపు క్రీడలు తగినంత మంచు లేక వాయిదా పడి మార్చిలో జరిగినాయి. ఆటలు ఒక నెల జరిగినా నష్టం లేదు. కాని అదే ఫిబ్రవరిలో అనంతనాగ్ జిల్లాలోని అచ్ఛబల్ ఊట, మొగలాయి ఉద్యానానికీ, చుట్టుపక్కల పల్లెలకూ నీరిచ్చే ఊట, ఎండిపోయినది. చలి లేదని అనడానికి వీలు లేదు. మబ్బులేని ఆ రాత్రులలో పాదరసం సున్నాకు ఎంతో దిగువకు పోతూనే ఉన్నది. దాల్ సరస్సు అంచులు గడ్డకడుతూనే ఉన్నాయి. లోయ చలితో వణికినది గాని కొండలు తెల్లబడలేదు. లంబసింగి రాత్రుల కథే అక్కడా జరిగినది.

ఆలస్యంగానైనా ఫిబ్రవరిలోనో మార్చిలోనో పడినది గదా, లెక్క సరిపోలేదా అని విద్యార్థి అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మార్చి నాటికి సూర్యుడు నడినెత్తికి చేరువగా వస్తాడు, పగలు పొడవెక్కుతుంది. అప్పుడు పడిన మంచు ముద్దగా, తడిగా ఉండి, కింద పొర గట్టిపడకముందే కరగనారంభిస్తుంది. ఏప్రిల్‌లోనే వాగులు పొంగి, రైతుకు నీరు అక్కరలేని వేళ నీరు దిగిపోతుంది. జూలైలో వరిపైరుకు, ఆపిలుకాయ ఊరే వేళకు కొండ మీద నిలవ తరిగి ఉంటుంది. ఆ లోయ రైతు ఒక ఏడాదిలో ఎన్ని అడుగుల మంచు పడినదని అడగడు. పెద్ద చలి నలభై రోజులలో ఎంత పడినదని అడుగుతాడు.